రాత్రి వచ్చినాయన

లాస్య పొద్దున లేస్తూనే మంచం కింద వంగి చూసింది. తలుపు వెనక చూసింది. ఎక్కడా ఎవరూ కనబడకపోయేసరికి కళ్లు నులుముకుంటూ వాకిట్లోకి వచ్చి, బీడీలు చుడుతున్న తల్లి ముందు నిలబడింది.

"గాయన పోయిండా?"

రాధిక తల ఎత్తలేదు. ఒళ్లో చాట ఉన్నంతసేపు ఆమె తల ఎత్తడం తక్కువ. కత్తిరించిన తునికాకు ఎడమ చేతిలో పరుచుకోవాలి, దాని మీద చిటికెడు తంబాకు రాలాలి, ఆకు చుట్టుకోవాలి, దారం బిగియాలి, మూతి మడత పడాలి. ఇదంతా వేళ్లకు వచ్చిన పనే గానీ, మనసు పక్కకు పోతే ఆకు పగులుతుంది.

"ఎవలే?" అంది.

"రాత్రి అచ్చినాయన."

పక్కింటి మంజుల కూడా తన చాట తెచ్చుకుని అదే అరుగు మీద కూర్చుంది. ఆమె చేతులు ఆగాయి. బీడీలు చుట్టేవాళ్ల చేతులు ఊరికే ఆగవు. ఆగాయంటే చెవులు పని మొదలుపెట్టాయని అర్థం.

"రాత్రి ఎవలచ్చిండే లాస్యా?" అంది మంజుల, గొంతులో బెల్లం కలిపి.

"గాయనే. మీసాలున్నాయన. తలుపు కొట్టిండు. అమ్మ తీసింది. మంచం మీద కూసున్నడు. అమ్మ నవ్వింది."

రాధికకు నిజంగానే నవ్వొచ్చింది. "కల అచ్చినట్టున్నది దీనికి. మీ ఆయన మస్కట్ నుంచి అచ్చినకాన్నుంచి మీ ఇంట్లనే ఉంటున్నది గదా, అదే మతిల పడ్డట్టున్నది."

"కల కాదు," అంది లాస్య మూతి ముడిచి. "కల ఏడుంటది?"

"కండ్లల్ల ఉంటది."

"నా కండ్లల్ల లేడు. మంచం కాడ ఉండె. నువ్వు గూడ చూసినవ్ గదా."

"నేను చూడలే బిడ్డా."

లాస్య తల్లి ముఖంలోకి అనుమానంగా చూసింది. పక్కనే నిలబడి అంతా చూసిన మనిషి చూడలేదంటే ఏ పిల్లకైనా కోపం వస్తుంది. నాలుగేళ్ల పిల్లకు లోకం ఒకటే. తనకు కనబడింది అందరికీ కనబడినట్టే. కూర తనకు కారమైతే తల్లి నోటికి నీళ్ల గ్లాసు పెట్టే రకం లాస్య. కాలు నేలకేసి కొట్టి, "చూసినవ్," అని గట్టిగా అని లోపలికి పోయింది.

రాధిక మళ్లీ ఆకు తీసుకుంది. మంజుల మాత్రం కాసేపు దారం ఉండ కేసి చూస్తూ కూర్చుంది.

"నిన్న మీ అత్త మామ ఇంట్ల లేరు గదా?" అంది తర్వాత.

"కోరుట్లకు పోయిండ్రు గదా, ఆడిబిడ్డ కొడుకు తొట్టెల పండుగకు. నాకు గీ బీడీ కట్టలియ్యాలె, బర్రెకు గడ్డెయ్యాలె, నేను పోలే."

"అవునవును," అంది మంజుల. రెండుసార్లు అనాల్సిన మాట కాదది.

* * *

రాధిక అత్త లచ్చవ్వ మధ్యాహ్నం ఆటో దిగి ఇంటికి చేరేలోపే మాట ఆమెకు ఎదురొచ్చింది. రాయికల్ రోడ్డు మలుపు దగ్గర ఒకరు, బోరింగు దగ్గర ఒకరు. అడిగినవాళ్లెవరూ ఏమీ అనలేదు. "తొట్టెల మంచిగైందా లచ్చవ్వా? కోడలు పిల్ల ఒక్కతే ఉండె పాపం," అన్నారు, అంతే. ఊళ్లో చెడ్డమాట ఎప్పుడూ పరామర్శ వేషంలోనే వస్తుంది.

లచ్చవ్వ చెడ్డ మనిషి కాదు. కోడలికి తలనొప్పి వస్తే తానే చాట ఒళ్లోకి లాక్కునే మనిషి. కానీ ఆమెకు ఒక్కడే కొడుకు, వాడు మస్కట్‌లో ఎండలో ఇనుప కడ్డీలు వంచుతున్నాడు. వాడి చెమట మీద ఇక్కడ ఎవడో కూర్చుని అన్నం తింటున్నాడన్న ఊహ ఒక్కసారి తలలోకి వచ్చాక ఆమె చేతిలో ఏమీ లేకుండా పోయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ వాడలో పెద్దవాళ్లు పసిపిల్లల్ని అడుగుతారు. కడుపుతో ఉన్నామె ఎదురైతే, "అమ్మ కడుపుల ఎవలున్నరు, తమ్ముడా చెల్లెనా?" అంటారు. బోరు వేయబోతూ, "నీళ్లు పడుతయా?" అంటారు. పిల్ల ఏదంటే అదే. లచ్చవ్వ బర్రె చూడితో ఉన్నప్పుడు లాస్యను అడిగితే, "ఆడదూడ" అంది. ఆడదూడే పుట్టింది. ఆ నాటి నుంచి మనవరాలి నోట దేవుడు పలుకుతాడని లచ్చవ్వకు పక్కా నమ్మకం. అంతకుముందు పడతాయన్న నీళ్లు పడకపోయిన సంగతి ఆమెకు గుర్తులేదు.

లాస్యను ఒళ్లో కూర్చోబెట్టుకుని కొంగుముడి విప్పి లడ్డు తీసింది.

"గాయన బండి మీద అచ్చిండా బిడ్డా?"

లాస్యకు బండ్లంటే ఇష్టం. "ఆ," అంది.

"మన బీడీలు తీస్కపోయే ముత్యం లెక్కున్నడా?"

"ఆ."

"అమ్మ నీకు ఎవ్వలకు చెప్పొద్దన్నదా?"

"ఆ," అంది లాస్య, నోటి నిండా లడ్డుతో. ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముఖంలోకి చూస్తూ ఇన్ని మాటలు ఆమెను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అడిగినకొద్దీ ఇంకా అడిగితే బాగుండనిపించింది.

లోపల రాధిక చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది. బయటికి వచ్చి, "గిదేంది అత్తమ్మా? నువ్వే చెప్పి దానితోని ఆ అనిపిస్తున్నవ్. ముత్యం అన్న నిన్నంత జగిత్యాల కార్ఖానల ఉన్నడు," అంది.

"ముత్యం ఏడున్నడో నీకెట్ల తెలుసు?" అంది లచ్చవ్వ.

బీడీ కట్టలు తీసుకుపోవడానికి అతను నిన్న రాలేదు కాబట్టి రాధికకు తెలుసు. కానీ ఆ ప్రశ్న ఆ వివరం కోసం అడిగింది కాదు.

మామ రాజనర్సు గడపలో కూర్చుని తాటి గెల గీసే కత్తిని చెక్క మీద నూరుతున్నాడు. తల ఎత్తకుండానే, "కలనే అది. నాకు గూడ చెట్టు మీదికెల్లి పడ్డట్టు కలలస్తయి. పడ్డనా?" అన్నాడు.

"నీకు కల్లు తాగితే అస్తయి. అది పసిపిల్ల. పసిపిల్ల అబద్ధమాడదు."

"అబద్ధమని నేనన్ననా? కల అన్న."

"నువ్వు నూరుకో నీ కత్తి," అంది లచ్చవ్వ. రాజనర్సు నూరుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన చేస్తున్నది అదే.

* * *

సాయంత్రం డ్యూటీ దిగాక మస్కట్ నుంచి సతీశ్ ఫోన్ చేశాడు. వాళ్ల క్యాంపులో నెట్ సరిగా రాదు. ఎప్పుడో ఒకసారి బొమ్మ కనబడుతుంది, మిగతా రోజుల్లో గొంతే. లచ్చవ్వ ఫోన్ పట్టుకుని బర్రె కొట్టం దాకా పోయి మాట్లాడింది. తిరిగొచ్చి, ఏమీ అనకుండా కోడలి చేతికిచ్చింది.

"ఎవడు వాడు?" అన్నాడు సతీశ్.

తిన్నవా లేదు, పిల్ల ఏం చేస్తుంది లేదు.

"ఎవ్వడు లేడు. పిల్లకు కల అచ్చింది. నీ బిడ్డ మీద ఒట్టు."

"ముత్యంగాడేనా?"

"నేను చెప్పేది ఇంటున్నవా?"

"పిల్లకియ్యి ఫోన్."

ఇక్కడ రాధిక ఒక తప్పు చేసింది. భయంలో ఎవరైనా చేసే తప్పే. ఫోన్‌ను అరచేత్తో మూసి, వంగి లాస్య చెవిలో, "ఎవ్వలు రాలేదని చెప్పు బిడ్డా, నీకు చాక్లెట్ కొనిస్త," అంది.

లాస్య ఫోన్ అందుకుంది. చెప్పమన్న మాట మర్చిపోకుండా, ఒక్క ముక్కా వదలకుండా చెప్పింది.

"డాడీ, ఎవ్వలు రాలేదని చెప్పుమంటున్నది అమ్మ. చాక్లెట్ కొనిస్తదట."

సతీశ్, "అమ్మకియ్యి. మా అమ్మకు," అన్నాడు.

లచ్చవ్వ ఫోన్ తీసుకున్నాక అన్న మాటలు రాధికకు కూడా వినిపించాయి. అతను అరుస్తున్నాడు. "సిరిసిల్లకు ఫోన్ చెయ్యమ్మా. వాళ్ల బాపును రమ్మను. శుక్రారం నాకు సెలవు, హన్మండ్లు కాకను కూసోపెట్టు, నేను ఫోన్ల ఉంట. దాన్ని తోల్కపొమ్మను. పిల్ల మాత్రం ఈడనే ఉంటది."

పిల్ల ఇక్కడే ఉంటుంది. రాధిక ఆ మాట దగ్గరే ఆగిపోయింది. తనను పొమ్మనడం కాదు, మొగుడు అనుమానించడం కాదు. రేపు పొద్దున లాస్య లేచి జడ వేయమని ఎవరి ముందు కూర్చుంటుంది? ఆ ఒక్కటే ఆమెకు తెలిసిన లెక్క.

రేపటి పనికి ఆకు కత్తిరించాలి. తడిపిన గోనెసంచిలోంచి ఆకు తీసి, కొలత రేకు పెట్టి కత్తెర ఆడించడం మొదలుపెట్టింది. రేకు జరిగింది. ఆకు వంకరగా తెగింది. ఇంకోటి తీసుకుంది, అదీ అంతే. కన్నీళ్లు ఆకుల మీద పడుతుంటే తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు.

లాస్య వచ్చి కొంచెంసేపు చూసింది. లోపలికి పోయి, ఒక కాలు ఊడిపోయిన తన బొమ్మను తెచ్చి తల్లి ఒళ్లో, కత్తెర పక్కన పెట్టింది.

"ఏడువకు. గిది పట్టుకొని పండుకో, పోతది," అంది.

తాను ఏడ్చినప్పుడు ఆ బొమ్మతో తగ్గుతుంది కాబట్టి తల్లికీ దానితోనే తగ్గాలి. రాధికకు ఆ క్షణంలో పిల్లను ఒక్కటి పీకుదామనిపించింది. నిజంగా చేయి లేచింది కూడా. లేచిన చేత్తోనే దగ్గరికి లాక్కుంది.

"బిడ్డా, గాయన రాలేదే. అది కల. నా తల్లివి గదా, కల అని చెప్పవే."

"అచ్చిండు," అంది లాస్య, తల్లి భుజం మీద నుంచి. "నీకు మతిల లేదా?"

* * *

రాధిక తండ్రి పోశం మర్నాడు మధ్యాహ్నానికి చేరాడు. సిరిసిల్లలో రాత్రి పాళీ దిగి, ముఖం కడుక్కోకుండానే వేములవాడ బస్సెక్కి, జగిత్యాలలో మారి వచ్చాడు. తల మీద, కనుబొమల మీద దూది పొట్టు అట్లాగే ఉంది. మరమగ్గాల మధ్య పాతికేళ్లు నిలబడ్డ మనిషి. ఆ చప్పుడులో బతికినవాళ్లకు మెల్లగా మాట్లాడడం చేతకాదు. చెవులు సగం పోయి ఉంటాయి, గొంతు రెండింతలై ఉంటుంది.

రాధిక నీళ్ల చెంబు ఇచ్చింది. తాగి, చెంబు కింద పెట్టి, తువ్వాలతో మూతి తుడుచుకుని, కూతుర్ని దగ్గరికి రమ్మన్నాడు. తన లెక్కలో గుసగుసగానే అడిగాడు.

"బిడ్డా, నా ముందట దాయకు. ఎవలన్న అచ్చిండ్రా?"

వాడకట్టంతా విన్నది. గోడవతల మంజుల ఇంట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

అత్త అడిగితే రాధికకు కోపం వచ్చింది. మొగుడు అడిగితే భయం వేసింది. తండ్రి అడిగేసరికి అరుగు మీద కూర్చుండిపోయింది.

"నువ్వు గూడ అడుగుతున్నవా బాపూ?"

"అడగాలె గదా బిడ్డా. రేపు పెద్దమనుషులల్ల నేను ఏమని మాట్లాడాలె? పిల్లనే చూసిన అంటున్నదట."

"పిల్ల కలగన్నది."

"నాకు తెల్వదా," అన్నాడు పోశం. కానీ తెలిసినవాడి గొంతులా లేదది. కాసేపు తువ్వాల మడతలు పెడుతూ కూర్చున్నాడు. "ఎట్లయిన గానీ, నిన్నయితే నేను ఇడిసిపెట్ట. ఇంట్ల ఒక మూలకు ఉందువు గని."

"లాస్యను ఇయ్యరట."

పోశం మడిచిన తువ్వాలను మళ్లీ విప్పాడు.

లాస్య మాత్రం తాత వచ్చాడని గెంతుతూ, "తాతా, గా కథ చెప్పు," అంది. ఏ కథో చెప్పలేదు. తన మనసులో ఉన్న కథ ఆయనకు తెలియకుండా ఎట్లా ఉంటుంది?

* * *

శుక్రవారం పొద్దున హన్మండ్లు వచ్చాడు. గీత కార్మికుల సంఘానికి పెద్దమనిషి. తగువు తీర్చడమంటే ఆయనకు ఎంత ఇష్టమో, అక్కడ పోసే చాయ అన్నా అంతే ఇష్టం. వాకిట్లో ఆయనకు కుర్చీ వేశారు. రాజనర్సు గడపలో, పోశం ఆయనకు ఎదురుగా పీట మీద. లచ్చవ్వ గుంజకు ఆనుకుని నిలబడింది. గోడ దగ్గర మంజుల, ఇంకో నలుగురు ఆడవాళ్లు చాటలతో సహా చేరారు. పని ఆపకుండా వినవచ్చని. కుర్చీ పక్కన ముక్కాలిపీట మీద ఫోన్, స్పీకర్ పెట్టి. ఇవాళ కూడా బొమ్మ లేదు, గొంతే.

"సతీశ్, ఇనపడ్తుందా?"

"ఇనపడ్తుంది కాకా. అడుగుండ్రి," అంది ఫోన్.

లచ్చవ్వ మనవరాలికి తల దువ్వి, పౌడరు రాసి, మంచి గౌను తొడిగి తెచ్చింది. ఇంతమంది ఒక్కసారి తన కేసి చూసేసరికి లాస్య రెండు అరచేతులతో కళ్లు మూసుకుంది. ఇక తాను ఎవరికీ కనబడనని ఆమె ధీమా.

"గింత పిల్లను నడుమ నిలవెట్టుడు మంచిగ లేదు," అంది రాధిక. తలుపు పట్టుకుని నిలబడింది. "నన్నడుగుండ్రి. నేను చెప్త."

"నువ్వు చెప్పేది నువ్వు చెప్తవ్ బిడ్డా," అన్నాడు హన్మండ్లు. "పిల్లల నోట అబద్ధం రాదు. లాస్యా, కండ్లు తెరువు. గిది తీస్కో."

బిస్కెట్ కోసం లాస్య కళ్లు తెరిచింది.

"ఆ రాత్రి ఇంట్లకు ఎవలన్న అచ్చిండ్రా?"

"ఆ."

"ఎట్లుండె?"

"పెద్దగుండె. మీసాలుండె."

"తలుపు ఎవలు తీసిండ్రు?"

"అమ్మ."

గోడ దగ్గర గాజులు కదిలాయి. లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాధిక నేలకేసి చూస్తూ ఉంది. ప్రతి జవాబుకూ లాస్య తనకు ఒక అడుగు దూరం జరుగుతున్నట్టు ఉంది ఆమెకు.

"అచ్చి ఏం చేసిండు?"

"మంచం మీద కూసున్నడు. అన్నం తిన్నడు."

"ఏం కూర?" అన్నాడు హన్మండ్లు. ఆ ప్రశ్న తగువుకు అవసరం లేదు. కానీ తిండి మాట వస్తే ఆయన ఆగలేడు.

"కోడికూర."

"కోడికూర గూడనా," అని మంజుల గొణిగింది. ఆ రోజు ఇంట్లో పచ్చిపులుసు తప్ప ఏమీ లేదని రాధికకు తెలుసు. చెప్పాలనిపించలేదు. తన మాటకు విలువ లేని చోట పచ్చిపులుసుకు మాత్రం ఏం విలువ?

"అన్నం ఎవలు పెట్టిండ్రు బిడ్డా?"

లాస్య బిస్కెట్ నమలడం ఆపి హన్మండ్లు కేసి వింతగా చూసింది. పెట్టిన మనిషి ఎదురుగానే నిలబడి ఉంటే తనను అడుగుతాడేంటి?

"బాపమ్మ."

ఎవరికీ అర్థం కాలేదు. "ఏ బాపమ్మ?" అన్నాడు హన్మండ్లు.

లాస్య బిస్కెట్ ఉన్న చేయి చాపి లచ్చవ్వను చూపించింది.

"పిచ్చిదానా," అంది లచ్చవ్వ. "నేను ఆ నాడు కోరుట్లల ఉంటి గదనే."

"గిక్కడున్నవ్. నువ్వే పెట్టినవ్. కాలుముక్క నాకియ్యలే, గాయనకే ఏసినవ్." ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్న బాధ పిల్లకు ఇప్పుడు పొంగుకొచ్చింది. "నేను అడిగిన. నువ్వు ఇయ్యలే. నేను ఏడిసిన."

హన్మండ్లు కుర్చీలో ముందుకు వంగాడు. "మరి గిన్నొద్దులు బాపమ్మ ఉన్నదని ఎందుకు చెప్పలే?"

"బాపమ్మకు తెలుసు గదా," అంది లాస్య.

రాధిక తలుపును గట్టిగా పట్టుకుంది. పిల్లను ఇంతమంది ఇన్నిసార్లు అడిగారు. అందరూ అమ్మ ఏం చేసింది, అమ్మ ఏమన్నది అనే అడిగారు. ఇంకెవరున్నారని తానైనా అడగలేదు. అడిగి ఉంటే మొదటి రోజే తేలిపోయేది.

"తాత?" అన్నాడు హన్మండ్లు మెల్లగా.

"తాత చెట్టు మీదున్నడు."

"ఏ చెట్టు?"

"తాడిచెట్టు."

"గా చెట్టు ఏడున్నది?"

"మంచం కాడ," అంది లాస్య. ఈయనకు ఏదీ తెలియదని ఆమెకు విసుగొస్తోంది.

ముందు నవ్వింది రాజనర్సు. నవ్వు ఆపుకోలేక దగ్గు వచ్చింది. తర్వాత గోడ దగ్గరి ఆడవాళ్లు నవ్వారు. పోశానికి సరిగా వినబడక అందరి ముఖాలూ చూసి, నవ్వుతున్నారు కాబట్టి మంచే జరిగిందనుకుని ఆయనా పళ్లు కనబరిచాడు.

"అబద్ధం చెప్తున్నది పిల్ల," అంది లచ్చవ్వ. ముఖం నల్లబడింది. "నేను ఈడ లేను. కోరుట్లల ఇరవై మంది చూసిండ్రు నన్ను."

"మొన్నటిదాక దేవుడు పలికిండు. ఇయ్యాల్ల అబద్ధమైందా?" అన్నాడు రాజనర్సు. ముప్పై ఏళ్లలో ఆయన పెళ్లానికి ఎదురు చెప్పిన మాటలు ఏరితే ఇది మొదట నిలుస్తుంది.

లచ్చవ్వ ఆ రాత్రి ఇక్కడ లేదు. లేని మనిషిని ఉందని పిల్ల అంత ఖాయంగా చెబుతుంటే, చెప్పినకొద్దీ తాను అబద్ధికురాలిలా కనబడుతుంటే, మూడు రోజులుగా కోడలు ఎక్కడ నిలబడి ఉందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. గుంజ పక్కనే కింద కూర్చుంది.

లాస్య అందరినీ చూసింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక పెదవి వణికింది. "అచ్చిండు," అని గట్టిగా అంది. "డబ్బా గూడ తెచ్చిండు. తాడు కట్టిన డబ్బా. చాక్లెట్లున్నయి దాంట్ల."

తాడు కట్టిన అట్టడబ్బా అంటే మస్కట్ నుంచి వచ్చినవాళ్లదని ఆ వాడలో ఏ తలుపు తట్టినా చెబుతారు. మంజుల మొగుడు పోయిన వారం దించింది అదే. అందరికీ ఒక్క మాటే తట్టింది. హన్మండ్లు ముఖం విప్పారింది. తీర్పు తానే కనిపెట్టినట్టు ఫోన్ మీదికి వంగాడు.

"ఇన్నవా సతీశ్? నీ బిడ్డ నిన్నే కలగన్నదిరా. నువ్వే అచ్చినట్టు కలగన్నది. దానికి గింత లొల్లి పెట్టినవ్."

ఫోన్‌లోంచి గొంతు వచ్చింది. మొన్న అరిచిన గొంతు కాదు.

"లాస్యా. బిడ్డా. గాయన నేనేనా?"

లాస్య ముక్కాలిపీట దగ్గరికి పోయి నిలబడింది. ఫోన్‌లోకి చూసింది. చూసి, తల అడ్డంగా ఊపింది.

"చెప్పు బిడ్డా. డాడీయేనా?"

లాస్య మళ్లీ ఊపింది. జడలు అటూ ఇటూ కొట్టుకునేంత గట్టిగా ఊపింది. అంత దగ్గర నిలబడి ఊపుతుంటే చూడకుండా మళ్లీ మళ్లీ ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు.

వాకిట్లో అందరూ చూశారు. నవ్వులు ఆగిపోయాయి. హన్మండ్లు చాయ గ్లాసు అందుకుని అందులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఏమంటున్నది? ఏమంటలేదేంది?" అంది ఫోన్.

లచ్చవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అవునంటున్నది కొడుకా," అంది. "నువ్వేనంటున్నది. తల ఊపుతున్నది."

ఫోన్‌లో ఏడుపు మొదలైంది. మగవాళ్లు ఆపుకుంటూ ఏడ్చే ఏడుపు. గోడ దగ్గర ఒకామె కూడా కళ్లు ఒత్తుకుంది.

రాధిక తలుపు వదిలి వచ్చింది. కూతురి పక్కన కూర్చుని, "ఎవలే మరి గాయన?" అని అడిగింది. ఇన్ని రోజుల్లో ఆమె ఆ మాట మామూలుగా అడగడం ఇదే.

"పెద్దాయన," అంది లాస్య. ఎంత పెద్దవాడో చేయి ఎత్తి చూపించింది. "డాడీ గింతే ఉంటడు గదా. ఫోన్ల ఉంటడు గదా."

రాధిక ఫోన్ చేతిలోకి తీసుకుంది. లచ్చవ్వ వద్దన్నట్టు చేయి అడ్డం పెట్టింది. ఆ చేతిని రాధిక మెల్లగా పక్కకు జరిపింది.

"నేను రాధికను," అంది. "మీ అమ్మ నువ్వు బాధపడ్తవని అట్ల అన్నది. అవునంటలేదు, కాదంటున్నది. తల అడ్డం ఊపుతున్నది. డాడీ ఫోన్లనే ఉంటడట. గాయన పెద్దగున్నడట, నువ్వు కాదట."

అటు ఏడుపు ఆగింది.

"నేనే నేర్పిచ్చి చెప్పిపిస్తున్న అనుకుంటవో ఏమో. మీ అమ్మ చెప్తే నమ్మినవ్. నాలుగేండ్ల పిల్ల చెప్తే నమ్మినవ్. నేను ఒట్టు పెట్టి చెప్పినా ఇనలే. ఇప్పుడు గూడ నేనే చెప్తున్న. నమ్ముతవో లేదో నీ ఇష్టం."

ఆమెకు కోపం తగ్గలేదు. జాలి కూడా వేసింది. అతను అంత దూరంలో కడ్డీలు వంచుతూ ఎవరి కోసం ఉన్నాడో ఆ పిల్లకు అతను అరచేయంత మనిషి. అయినా ఆ మాట మెత్తగా చెప్పడానికి ఆమె దగ్గర ఇవాళ ఓపిక లేదు.

రాధిక ఫోన్ కట్ చెయ్యలేదు. అతను ఏదో ఒకటి అనేదాకా అట్లాగే చెవి దగ్గర పట్టుకుని నిలబడింది.